గోడవైపు తిప్పిన కుర్చీ

నర్సీపట్నం,
జూలై.

ఈశ్వరరావు బావకి,

కొండబాబు రాస్తున్నాను. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే ఊ, ఊ అని మా అబ్బాయి గోవింద్‌కి ఇచ్చేశాను. కోపం తెచ్చుకోకు. ఫోన్ చెవిన పెట్టుకుంటే నాకు మాట రాదు. కాగితం మీదైతే కొంచెం వస్తుంది. అది కూడా నీకే.

మనవరాలు హైమ సంగతి అడిగావు. ఏడో ఏడు వచ్చింది. రెండో తరగతి. మాటలు ఇంకా తిన్నగా రాలేదు. అమ్మ, తాత, పాలు, అలాంటివి కొన్నే. అవి కూడా మనవాళ్ళకే అర్థమవుతాయి. పలక మీద అక్షరం చూపిస్తే ముత్యంలా దిద్దుతుంది. చదవమంటే మొహంలోకి చూస్తూ ఉంటుంది. బడిలో మొద్దు అంటున్నారు. వీధిలో మొండి అంటున్నారు. ఈ రెండు మాటలకీ మధ్య కోడలు అప్పలలక్ష్మి ఏడుస్తోంది. నాతో మాత్రం పిల్ల బాగుంటుంది. గొలుగొండలో జీడితోటకి వెళ్తే నా పక్కనే బస్సులో.

బడికి అప్పుడప్పుడు ఫణిశ్రీ గారని ఒక టీచరమ్మ వస్తారు. ఇలాంటి పిల్లల కోసమే ఆవిడ ఉద్యోగం. లోటు చెవికా, మాటకా, బుద్ధికా అన్నది డాక్టర్లు చూసి తేల్చాలట. తేలితే ఇక్కడి కేంద్రంలో రోజూ శిక్షణ, కావలసిన పరికరాలు ఇస్తారు. తేలకపోతే ఏమీ లేదు. డాక్టర్లు బయటి ఊళ్ళ నుంచి వచ్చి క్యాంపు పెడతారు. జూన్ అన్నారు. తర్వాత జూలై అన్నారు. మొన్న వెళ్తే గదికి తాళం. వరండాలో మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. కొయ్యూరు పైనుంచి ఒకామె పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాయిదా అని ఎవరో వచ్చి చెప్పారు. ఆమె పిల్లవాడికి అరటిపండు ఒలిచి పెట్టి, వాడు తినేదాకా ఆగి, మళ్ళీ బస్సెక్కింది. ఎవర్నీ ఏమీ అనలేదు.

నేనూ అనలేదు. ఆఫీసుల సంగతి నీకు తెలుసు. ఏం చేయాలో రాయి.

కొండబాబు


విశాఖపట్నం,
ఆగస్టు.

కొండబాబు బావకి,

నీ ఉత్తరాన్ని మా వాచ్‌మన్ కోర్టు నోటీసనుకుని, నా కేసి జాలిగా చూస్తూ తెచ్చిచ్చాడు. చేత్తో అడ్రసు రాసిన కవరు ఈ రోజుల్లో ఎవరికొస్తుంది!

సర్వీసంతా ఆఫీసుల్లోనే గడిపినవాణ్ణి, వాయిదాకి కంగారు పడకు. మన బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులు తలుచుకో. ఈ వారం అంటే పై వారం, పై వారం అంటే చెరుకు గానుగలయ్యాక. ఆ ఆలస్యమే మనల్ని కాపాడేది. ఆ సందులో రాజుబాబు మేష్టారు మనకి రుద్ది రుద్ది నేర్పేవారు. గోడకి సున్నం, నేలకి పేడ, మన తలలకి ఆముదం. నువ్వు నా వీపు వెనక దాక్కునేవాడివి. ఇన్‌స్పెక్టరు నిన్ను లేపితే నేను లేచి జవాబు చెప్పాను. "నువ్వు కాదురా, వాడు" అన్నాడాయన. "ఆడికీ నాకూ కలిపి ఒకటే నోరండీ" అన్నాను. బడంతా నవ్వింది. ఆయన మీసాల్లో కూడా నవ్వు కదిలింది. నువ్వొక్కడివే నవ్వలేదు, చొక్కా గుండీ కొరుక్కుంటూ నిలబడ్డావు.

కాబట్టి నా మాట విను. క్యాంపు ఆలస్యమైందంటే పిల్ల తయారవడానికి వ్యవధి దొరికిందన్నమాట. బొమ్మలు ముందు పెట్టి ఆవేది, గొడుగేది అని అడుగుతారట. పేరు పెట్టి పిలిచి చూస్తారట. మా కింద వాటాలో ఒకాయన మనవడికి ఇలాగే చేశారు. అవన్నీ నువ్వు ముందే నేర్పు. పెద్దవాళ్ళ ముందు మన పిల్ల తెల్లమొహం వేయకూడదు. మొద్దు అన్నవాళ్ళ నోళ్ళు మూతపడాలి.

నీ బావ,
ఈశ్వరరావు


నర్సీపట్నం,
అక్టోబరు.

బావా,

క్యాంపు మళ్ళీ వాయిదా పడింది. ఒకసారి వానలన్నారు. ఇంకోసారి డాక్టరు గారికి వేరే చోట పని పడిందన్నారు. ఫణిశ్రీ గారు మా అందరికీ ఫోన్లు చేసి, రావద్దని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నారు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. బజారులో బొమ్మల కార్డులు కొన్నాను. బడి నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుంటాం. తోటకి వెళ్తే చెట్టు కింద. మొదట జీడిపిక్కలతో మొదలుపెట్టాను. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. తర్వాత కార్డులు. మొదటి వారం దేనికీ చెయ్యి పెట్టలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను. తర్వాత ఏమైందో, పట్టేసింది బావా. ఆవు అంటాను, తీస్తుంది. గొడుగు అంటాను, తీస్తుంది. నా గొంతు నీకు తెలుసు కదా. నోట్లోనే అంటాను. అయినా తీస్తుంది. తీసి నా కేసి చూసి నవ్వుతుంది.

తోటలో కూర్చుంటే మనం గుర్తొస్తున్నాం. జీడిపళ్ళు తిని చొక్కాలకి మరకలు చేసుకుని, ఏట్లో ఇసుకతో రుద్దితే పోకపోతే, ఇంటికెళ్ళడానికి భయపడి పొద్దుగూకేదాకా గట్టు మీదే కూర్చున్నాం. నువ్వు ఏవేవో కథలు చెబుతూనే ఉన్నావు. భయం నాకే వేసింది.

ఈ పిల్లకి నేర్పడం నాకు బాగుంది. నేను ఎవరికీ ఏదీ నేర్పినవాణ్ణి కాదు.

కొండబాబు


నర్సీపట్నం,
డిసెంబరు.

బావా,

క్యాంపు అయింది. బేగి రాయాలని ఈ రోజే రాస్తున్నాను.

చెవులు చూసే మిషను రాలేదు, రిపేరులో ఉందన్నారు. డాక్టరు గారు ఊరికే చూశారు. జనం గుమ్మం దాకా ఉన్నారు, ఆయన మాత్రం ఏం చేస్తారు. హైమని బల్ల ముందు కూర్చోబెట్టారు. నన్ను ఎదురుగా కూర్చోమన్నారు, పిల్ల బెదరకుండా. వెనక నుంచి హైమా అని పిలిచారు. తిరిగింది. బొమ్మలు అడిగారు. అన్నీ తీసింది, ఒక్కటి తప్పింది. చెవులు బాగానే ఉన్నాయి, తెలివి ఉంది, మాట కొంచెం ఆలస్యం అంతే, వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

అప్పలలక్ష్మి అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సాయంత్రం బలిఘట్టం గుడికి వెళ్ళి కొబ్బరికాయలు కొట్టి వచ్చాం. వీధిలో అందరికీ లడ్డూలు పంచింది. మొండి అన్నావిడ ఇంటికి ముందు వెళ్ళింది.

ఫణిశ్రీ గారు ఎందుకో సంతోషపడలేదు. బొమ్మల కార్డుల కేసి, నా కేసి చూసి ఊరుకున్నారు.

కొండబాబు


విశాఖపట్నం,
జనవరి.

బావా,

నేను చెప్పలేదా! మీ చెల్లాయి నీ ఉత్తరం నాతో రెండోసారి చదివించుకుంది. ఇంట్లో పాయసం. ఆ ఒక్క బొమ్మ ఎందుకు తప్పిందో కనుక్కో, వచ్చే ఏడుకి అదీ లేకుండా చేద్దాం. నీలో ఇంత మేష్టారు ఉన్నాడని తెలిస్తే రాజుబాబు మేష్టారు తన బెత్తం నీకే రాసిచ్చేవారు.

ఈశ్వరరావు


నర్సీపట్నం,
జనవరి చివర.

బావా,

ఇది నువ్వు ఒక్కడివే చదువు.

ఫణిశ్రీ గారు మధ్యాహ్నం ఇంటికి వచ్చారు. గోవింద్, అప్పలలక్ష్మి పనికి వెళ్ళారు. కార్డులు తెమ్మన్నారు. నన్ను మంచినీళ్ళు తెమ్మన్నారు. నేను తెచ్చేసరికి, ఆవిడ అడుగుతున్నా, కార్డులన్నీ పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలోకి రాగానే నా మొహం చూసింది. ఆవిడ ఆవు అన్నారు. వెంటనే తీసింది.

ఆవిడ నా కండువా మొహానికి అడ్డం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. గొడుగు అన్నారు. నాకు ఏమీ కనపడలేదు. అడుగుల చప్పుడు వినపడింది. పిల్ల వచ్చి నా కండువా లాగేసి పకపకా నవ్వింది. ఆట అనుకుంది.

ఆవిడ కార్డులన్నీ ఏరి కట్ట కట్టారు. తర్వాత, "తాతగారూ, పాపకి తెలివి తక్కువేం కాదండి. మాట వినపడక మీ మొహం చదువుతోంది. మీ కళ్ళు ఏ బొమ్మ మీదకి వెళ్తే దాని మీదకి చెయ్యి వెళ్తోంది" అన్నారు.

డాక్టరు గారు వెనక నుంచి పిలిచినప్పుడు నేను తల ఎత్తి ఆయన్ని చూశాను. అది చూసి పిల్ల తిరిగింది. ఇప్పుడు తెలుస్తోంది.

చెవికి వినికిడి మిషను పెట్టి, శిక్షణ మొదలుపెడితే మాట వస్తుందట. వయసు పెరిగేకొద్దీ కష్టమట. వచ్చే ఏడు దాకా ఆగకూడదు, ఈసారి చెవులు చూసే మిషనుతోనే పరీక్ష చేయమని అడగాలి అన్నారు. కానీ పిల్ల బాగుందని తేల్చేశారు కదా. ఇంట్లోవాళ్ళు వెళ్ళి అడిగితేనే మళ్ళీ పేరు వేస్తారట.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. లడ్డూలు పంచిన మనిషికి ఎలా చెప్పను.

కొండబాబు


విశాఖపట్నం,
ఫిబ్రవరి.

బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి కూర్చోవడం, లేవడం. ఎప్పుడూ నాకు మాటలకి కొదవ లేదు, ఈసారి లేకపోయాయి.

నేర్పమన్నది నేను. నేను మరిచిపోయిన సంగతి ఒకటి చెబుతాను. ఇన్‌స్పెక్టరు మనల్ని ప్రశ్నలడిగేటప్పుడు రాజుబాబు మేష్టారు ఆయన వెనక నిలబడేవారు. ఎక్కం అడిగితే వేళ్ళు చూపేవారు. దిక్కు అడిగితే గడ్డం అటు తిప్పేవారు. నేను గొప్పగా చెప్పిన జవాబులన్నీ ఆయన మొహం మీద చదివినవే. బడికి మంచి పేరు వచ్చింది. మనలో చదవడం రానివాళ్ళు అలాగే పై తరగతికి వెళ్ళిపోయారు. దాన్ని నేను ఇన్నాళ్ళూ ముచ్చటగా చెప్పుకు తిరిగాను.

కోడలికి చెప్పు. నేను వచ్చి చెప్పనా అని మీ చెల్లాయిని అడిగితే, "మీరెల్తే మాటల్లో ముంచేస్తారు. అన్నయ్యనే సెప్పనీండి" అంది. అదే నిజం. ఆఫీసులో కూడా నువ్వే మాట్లాడాలి. నీ బదులు నేను లేచి చెప్పిన రోజులు చాలు.

ఈశ్వరరావు


నర్సీపట్నం,
మార్చి.

బావా,

నువ్వు మేష్టారి గడ్డం గురించి రాశావు. నాకు సోమలమ్మ గుర్తొచ్చింది. మన బళ్ళో చివర కూర్చునేది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మేష్టారు ఆ పిల్లని మేకలు కాయడానికి పంపేసేవారు. ఏదడిగినా చెప్పదని. పిలిస్తే పలకదని మనమంతా రాళ్ళు విసిరి పిలిచేవాళ్ళం. నా కేసి ఎప్పుడూ కళ్ళార్పకుండా చూసేది. నాకు సిగ్గేసి మొహం తిప్పుకునేవాణ్ణి. ఆ చూపు ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆమెని అడిగినవాళ్ళు లేరు. కొయ్యూరు వైపు ఇచ్చారని విన్నాం, అంతే.

అప్పలలక్ష్మికి చెప్పాను. బియ్యం చెరుగుతోంది. హైమ వాకిట్లో అటు తిరిగి ముగ్గు గీస్తోంది. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఏటి మావయ్యా, టీ కావాలా అంది.

"పిల్లకి ఇనపడదమ్మా" అన్నాను.

"డాక్టరు బాగుందని రాసేడు కదా."

"పిల్ల నా మొహం సూసి బొమ్మలు తీసిందమ్మా."

ఆమె చేట కింద పెట్టింది. హైమా అని పిలిచింది. మళ్ళీ కొంచెం గట్టిగా పిలిచింది. తర్వాత లేచి నిలబడి అరిచింది. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఎదురింటి ముసలాయన బయటికి వచ్చాడు. పిల్ల ముగ్గులో చుక్కలు కలుపుతూనే ఉంది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెళ్ళి పిల్ల పక్కన కూర్చుని, చెరిగిపోయిన గీత వేలితో సరిచేసింది. చాలాసేపటికి, "ఎన్నిసార్లు కొట్టేను మావయ్యా, పలకనేదని" అంది.

మర్నాడు ఆమెతో కలిసి క్యాంపు పేర్లు వేసే ఆఫీసుకి వెళ్ళాను. ఫణిశ్రీ గారు గుమ్మం దాకా వచ్చి, ఇక మీరే చెప్పాలండి అని ఆగిపోయారు. లోపలాయన మంచివాడే. మీ పిల్లకి బాగానే ఉందని వచ్చింది కదా, అసలు పరీక్షే కానివాళ్ళు చాలామంది ఎదురుచూస్తున్నారు, వచ్చే ఏడు రండి అన్నారు. ఆయన అన్నదీ నిజమే. వెనక్కి చూశాను, నువ్వు లేవు.

"అయ్యా, ఆ రోజు జవాబులు నావండి. పిల్లని ఇంకా ఎవురూ అడగనేదండి" అన్నాను.

ఆయన కలం మూసి నా కేసి చూశారు. ఏం జరిగిందో చెప్పమన్నారు. చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. ఈసారి మిషను వస్తుంది, మీ పేరు చివర వేస్తాను, పిలుపు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను అన్నారు.

చివరైనా చాలు.

కొండబాబు


నర్సీపట్నం,
మే.

బావా,

పిలుపు వచ్చింది. నిన్న చూశారు.

ఈసారి ఇద్దరు డాక్టర్లు. మిషను ఉంది. చిన్న గది. పిల్ల మొదట లోపలికి రానంది. నన్ను బయట ఉండమంటే ఏడ్చింది. సరే, తాతగారు లోపలే ఉండాలి, కానీ కనపడకూడదు అన్నారు. నా కుర్చీ గోడవైపు తిప్పారు.

పిల్ల వచ్చి నా ముందు దూరింది. గోడకీ నాకూ మధ్య. నా గడ్డం పట్టుకుని పైకి ఎత్తి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. చెయ్యి తీయలేదు. నేను తెరవలేదు. అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు బావా. మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత కాదు. కాసేపటికి చెయ్యి తీసి వెళ్ళిపోయింది.

వెనక అడుగుతున్నారు. ఆవేదమ్మా. చప్పుడు లేదు. గొడుగేదమ్మా. చప్పుడు లేదు. ఇంట్లో అన్నీ తీసే పిల్ల. ఒక్కసారి తిరిగితే చాలు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత చెవులకి ఏదో పెట్టి మిషను తిప్పారు. అది ఇంకా ఎక్కువసేపు పట్టింది.

రెండు చెవులూ బాగా తక్కువ. తెలివికి లోటు లేదు. అలా రాసిచ్చారు. అప్పలలక్ష్మి ఆ మాట విని, తెలివికి లోటు లేదా అని మళ్ళీ అడిగింది. లేదమ్మా అన్నారు. ఇంకోసారి అడిగింది.

బయటికి వచ్చాక హైమ నా చెయ్యి పట్టుకోలేదు. నేను మొహం దాచానని కోపం. బస్టాండు దగ్గర సోడా కొనిస్తే అప్పుడు పట్టుకుంది.

కొండబాబు


విశాఖపట్నం,
జూన్.

బావా,

నీ ఉత్తరం మీ చెల్లాయికి చదివి వినిపిస్తూ కళ్ళు మూసుకున్న చోట ఆగిపోయాను. మిగతాది ఆమే తీసుకుని చదువుకుంది.

పిల్ల చెవులకి పెట్టే మిషను ఎప్పుడు వస్తుంది? ఇవ్వడంలో కూడా ఆలస్యం చేస్తారేమో, కనుక్కుంటూ ఉండు. నువ్వు ఇప్పుడు మాట్లాడగల మనిషివి కదా! పిల్లని చూడాలని మా ఇద్దరికీ ఉంది. చెవులు తెరుచుకున్న పిల్లకి నా దగ్గర అమ్మవారి జాతర నుంచి పాడు బావిలో దెయ్యం దాకా బోలెడు కబుర్లున్నాయి. ఆగస్టులో వచ్చి నెల రోజులు ఉంటాం.

ఈశ్వరరావు


నర్సీపట్నం,
జూలై.

బావా,

మిషను వచ్చింది. కొంత తిప్పి తిప్పి ఇచ్చారు కానీ ఇచ్చారు. రెండు చెవులకీ పెట్టారు. మొదటి రోజులు పీకి పారేసింది. మిక్సీ వేస్తే ఏడ్చింది. ఆంబోతు రంకె వేస్తే నా ఒళ్ళో దూరింది. ఇప్పుడు తనే అడిగి పెట్టించుకుంటోంది. రోజూ కేంద్రానికి తీసుకెళ్తున్నాను. ఫణిశ్రీ గారి దగ్గర కూర్చుని మాట నేర్చుకుంటోంది. అప్పలలక్ష్మి వంటింట్లోంచి మెల్లగా హైమా అంటుంది. పని లేకపోయినా అంటుంది. పిల్ల తిరుగుతుంది.

ఒక సంగతి నీకు తప్ప చెప్పను. ఇప్పుడు నా మొహం చూడటం తగ్గించింది. ఎవరు మాట్లాడితే వాళ్ళ కేసి చూస్తోంది. నేను మాట్లాడను కదా. మొదట్లో నాకు ఏదో పోయినట్టు ఉండేది. అరుగు మీద ఒక్కణ్ణే కూర్చున్నట్టు ఉండేది, అది పక్కనే ఉన్నా.

ఫణిశ్రీ గారికి చెబితే నవ్వారు. ఇంట్లో పాపతో ఎంత మాట్లాడితే అంత బేగి మాట వస్తుంది, పగలంతా ఇంట్లో ఉండేది మీరే కదండీ అన్నారు. ఎవరికి అప్పగించారో చూడు.

మొదలుపెట్టాను. మొదటి రోజు మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న ఎడ్ల పేర్లన్నీ చెప్పాను. అయిపోయాయి. ఇంకా నా నోటి కేసే చూస్తోంది. మర్నాడు బెల్లం వండే రోజుల గురించి చెప్పాను. పొయ్యి దగ్గర మీ అమ్మ, పెనం మీద పొంగే నురగ, చెరుకు ముక్క ముంచి ఇస్తే నాలుక కాలడం. కాలింది అన్నాను. కాయింది అంది. అది నా నోట్లోంచి దానికి వెళ్ళిన మొదటి మాట.

ఆగస్టులో వస్తానన్నావు. అప్పుడే రాకు బావా. నువ్వొస్తే నువ్వు మాట్లాడతావు, నేను ఊరుకుంటాను. నాకు అదే సుఖం. చెల్లాయికి నచ్చచెప్పు. దసరా దాటాక రండి. అప్పటికి మా ఇద్దరికీ ఇంకొంచెం మాటలు వస్తాయి.

కొండబాబు